క్రిస్మస్ గిఫ్టుల లెక్కే తప్ప ఇచ్చినవాళ్ల మీద ధ్యాస లేదు: పిల్లలకి ఎలా నేర్పాలి?

తెనాలి_అమ్మ

అందరికీ వందనాలు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి అయిదు. డిసెంబర్ వస్తే ఇంట్లో ఒకటే లెక్క. ఎవరు ఏం తెస్తున్నారు, పోయినసారి కంటే పెద్దదా చిన్నదా అని. అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు మేనమామలు, పిన్ని, ఈసారి డల్లాస్ నుంచి బాబాయి వాళ్లు కూడా వస్తున్నారు. ప్యాకెట్ విప్పడం, పక్కన పడేయడం, "ఇంకేం ఉంది?" అనడం. తెచ్చినవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉంటారు.

అడగదలచుకున్నవి ఇవి. పెద్దవాళ్లు నొచ్చుకోకుండా గిఫ్టులు తగ్గించేదెలా? నచ్చనిది వస్తే ముఖం మీదే "ఇదా?" అనకుండా పిల్లల్ని ఎలా తయారుచేయాలి? నానమ్మ చేతిలో పెట్టే అయిదొందల నోటు ఏం చేయించాలి? ఇరవై అయిదో తారీఖున అనాథాశ్రమానికి తీసుకెళ్తే మార్పు వస్తుందంటున్నారు, నిజమేనా? ఇంకా నవంబర్ మొదటి వారమే కాబట్టి టైముంది. చేయించదగ్గ పనులు చెప్పండి.

సండేస్కూల్_గుంటూరు

వందనాలు సిస్టర్. ముందు "కృతజ్ఞత" అనే మాటనే విప్పి చూడండి. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరిగి ఉండటం. ఎవరు మనకోసం ఏం చేశారో ఎరిగి ఉండటమే కృతజ్ఞత. పిల్లల కంటికి గిఫ్టు రంగు కాగితం దగ్గరే మొదలవుతుంది. దాని వెనక మేనమామ నాలుగు షాపులు తిరగడం, బస్సులో నలగకుండా ఒళ్లో పెట్టుకుని తేవడం వాళ్లకి కనపడదు. అది కనపడేలా చేయడమే మన పని.

దానికి వంటిల్లంత మంచి చోటు ఇంకోటి లేదు. పిండివంటలన్నీ స్వీట్ షాపులో కొనేస్తే ఆ అవకాశం పోయినట్టే. అరిసెల పాకం దగ్గరికి పిల్లల్ని రానివ్వలేం గానీ గవ్వలు చేయించవచ్చు. అరకిలో మైదా, గుప్పెడు బొంబాయి రవ్వ, రెండు పెద్ద చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పూరీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. గోలీకాయంత ఉండ తీసి గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకి తోస్తే దానంతటదే చుట్టుకుంటుంది. చెక్క లేకపోతే కొత్త దువ్వెన, లేదా ఫోర్కు వెనక వైపు. పిండి జారుగా ఉంటే నూనెలో వేయగానే గవ్వ విచ్చుకుపోతుంది, ఆరిపోతే అంచులు పగులుతాయి. నూనె బాగా కాగిపోతే పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉండిపోతుంది, మధ్య మంట మీదే వేయించాలి. వేయించడం, బెల్లం పాకం పెద్దవాళ్ల పని. అయిదేళ్లవాడికి ఇరవై గవ్వలు చాలు. పాపని ఒక గంట కూర్చోబెట్టండి. బొటనవేలు నొప్పి పుట్టాక "నానమ్మ ఒక్కో పండక్కి ఎన్ని చుడుతుందో అడిగి రా" అనండి. అక్కడితో ఆపేయండి. మీరు వివరణ మొదలుపెడితే ఆ ప్రశ్న బరువు తగ్గిపోతుంది.

పంచే ప్యాకెట్ల మీద పేర్లు పాప చేతే రాయించండి: వాచ్‌మన్, చెత్త బండితో వచ్చే ఆవిడ, పాలు పోసే ఆయన, పక్కింటివాళ్లు. పేరు తెలియకపోతే వెళ్లి అడిగి రావాలి, "పాలాయన" అని రాయకూడదు. రోజూ మన ఇంటికోసం పనిచేసే మనిషి పేరు తెలియకపోవడం పిల్లలకే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. మన క్రిస్మస్ పళ్లెం వెళ్లిన ఇంటి నుంచే సంక్రాంతికి అరిసెలు వస్తాయి. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదనే మన అలవాటు పిల్లలకి చూపించడానికి మూడు వారాల తేడాలో వచ్చే ఈ రెండు పండగలూ బాగా పనికొస్తాయి.

ఇక డబ్బు. ఆరాధనలో కానుక సంచి వచ్చేటప్పుడు నాన్న జేబులోంచి పది నోటు తీసి పిల్లాడి చేతిలో పెట్టడం అన్ని సంఘాల్లోనూ ఉన్నదే. ఆ పిల్లాడు నోటు చేయి మార్చాడు గానీ ఇవ్వలేదు. శనివారం రాత్రే వాడి డబ్బాలోంచి వాడే తీసుకుని బైబిల్లో పెట్టుకోవాలి. నానమ్మ ఇచ్చే అయిదొందలు ఒకే నోటుగా ఉంటే విడదీయడం పిల్లలకి తెలియదు. పది యాభై నోట్లుగా మార్చి వరసగా పరిస్తే పదో వంతు అంటే ఏమిటో కంటికే కనపడుతుంది. ఒకటి కానుక. మూడు, ఇంకొకరికి ఏదైనా కొనడానికి. మిగతా ఆరూ తనవి. ఆ ఆరింటి మీద మీరు పెత్తనం చేయకండి, రెండు రోజుల్లో విరిగిపోయే బొమ్మ కొన్నా సరే. పెత్తనం చేస్తే ముందు తీసిన నాలుగు నోట్లు కూడా లాక్కున్నట్టే లెక్క వేసుకుంటారు.

ఇంకో మాట. "అల్లరి చేస్తే క్రిస్మస్ తాత ఏమీ తేడు" అని బెదిరించడం ఇవాళే మానేయండి. అలా అన్న క్షణం నుంచి గిఫ్టు జీతం అయిపోతుంది. బైబిల్లో రోమా 4:4లో పౌలు చెప్పింది అదే. పనిచేసినవాడికి జీతం రావలసిన బాకీయే, దానం కాదు. జీతానికి ఎవరూ కృతజ్ఞత చెప్పరు, తక్కువైతే గొడవ పడతారు. నెలంతా బుద్ధిగా ఉన్న పిల్లాడు చిన్న ప్యాకెట్ చూసి ఏడిస్తే, మనం నేర్పిన లెక్క ప్రకారం వాడిది న్యాయమైన ఏడుపే.

పిల్లల_కౌన్సెలర్_హైదరాబాద్

టీచర్ గారు చెప్పిన గవ్వల పద్ధతి చాలా మంచిది. నేను వయసుల సంగతి, నిరాశ సంగతి చెప్తాను.

అయిదేళ్లవాణ్ణీ తొమ్మిదేళ్లమ్మాయినీ ఒకే కొలతతో కొలవకండి. 1938లో ఫ్రాంజిస్కా బౌమ్‌గార్టెన్-ట్రామర్ అనే మనస్తత్వవేత్త స్విట్జర్లాండ్‌లో ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని రెండు ప్రశ్నలు అడిగారు. నీకున్న అతి పెద్ద కోరిక ఏమిటి? దాన్ని తీర్చినవాళ్లకి నువ్వేం చేస్తావు? చిన్న పిల్లల్లో ఎక్కువమంది తమకి ఇష్టమైన వస్తువే తిరిగి ఇస్తామన్నారు. వయసు పెరిగేకొద్దీ ఎదుటివాళ్లకి ఏం కావాలో ఆలోచించడం కనిపించింది. అంటే షుగరున్న అమ్మమ్మకి బాబు తన చాక్లెట్ ఇస్తే అదీ కృతజ్ఞతే, ఆ వయసుకి తగ్గ కృతజ్ఞత. నవ్వకుండా తీసుకోమని అమ్మమ్మకి ముందే చెప్పండి.

పాప మాత్రం తర్వాతి మెట్టు ఎక్కగలదు. డిసెంబర్ మొదటి వారమంతా ఒక్క మనిషిని గమనించే పని ఇవ్వండి. అమ్మమ్మ రోజూ దేని కోసం వెతుకుతుంది? ఏది చేయడానికి ఇబ్బంది పడుతుంది? కళ్లజోడు కోసం ఇల్లంతా తిరుగుతుంటే మెడలో వేసుకునే కళ్లజోడు తాడు సరైన గిఫ్టు. నలుగురికి కలిపి మూడొందలు బడ్జెట్ పెట్టండి, షాపులో డబ్బు తనే ఇవ్వాలి. ఒకరికి ఎక్కువ పెడితే ఇంకొకరికి తగ్గుతుందని అక్కడ తెలుస్తుంది. అప్పటిదాకా మేనమామ ఏం లెక్కలు వేసుకుని కొన్నాడో ఏ పిల్లకీ తట్టదు.

"ఇదా?" అనే మాట గురించి. 1984లో కరోలిన్ సార్ని అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. పిల్లలు ఒక చిన్న పని చేశాక మొదటిసారి మంచి బహుమతి ఇచ్చారు. రెండోసారి పసిపాపలు ఆడుకునే బొమ్మ ఇచ్చి ముఖాలు గమనించారు. వయసు పెరిగినకొద్దీ నిరాశని కప్పుకోవడం వచ్చింది. చిన్నవాళ్లకి, అందులోనూ మగపిల్లలకి, అది చేతకాలేదు. కాబట్టి బాబు చేసేది పొగరు అనుకోకండి, ఇంకా రాని విద్య. సైకిల్ నేర్పినట్టు నేర్పాలి.

నేర్పే పద్ధతి ఇది. ఇంట్లో వస్తువులు అయిదారు న్యూస్‌పేపర్లో చుట్టండి: గరిటె, ఉల్లిపాయ, సబ్బు, ఒంటి సాక్సు, చీపురుపుల్ల. ఒకరు ఇస్తారు, ఒకరు విప్పుతారు. విప్పినవాళ్లు చేయాల్సినవి మూడే: ఇచ్చినవాళ్ల ముఖం చూడాలి, వస్తువు పేరు చెప్పాలి, దాని గురించి నిజమైన మాట ఒక్కటి అనాలి. "ఉల్లిపాయ! భలే గుండ్రంగా ఉంది నాన్నా." ఈ ఆటలో "చాలా బాగుంది" అనే మాట నిషేధం. నచ్చనిదాన్ని నచ్చిందనమంటే పిల్లలకి అబద్ధం నేర్పినట్టు అవుతుంది, పైగా వాళ్ల నటన ఇట్టే తెలిసిపోతుంది. నిజమైన మాట ఒకటి వెతుక్కోమంటే చూపు వస్తువు మీదా మనిషి మీదా నిలుస్తుంది. రోజుకి పది నిమిషాలు, పండగ ముందు వారంలో మూడు నాలుగు సాయంత్రాలు చాలు. అంతకంటే లాగితే విసుగొస్తుంది. పాపతో ఒక్కసారి మాత్రం తిరగేసి ఆడండి. తను కష్టపడి చుట్టి ఇచ్చిన ప్యాకెట్ చూసి మీరు ముఖం ముడిచి "ఇదా?" అనండి. బాబుతో అది వద్దు, నిజంగానే ఏడుస్తాడు.

చుట్టాలు వెళ్లాక నిరాశకి చోటివ్వండి. "రిమోట్ కారు అనుకున్నావు, చొక్కా వచ్చింది, బాధగా ఉంది కదా" అంటే చాలు. "ఎంత ఖర్చు పెట్టారో తెలుసా" అని మొదలుపెట్టకండి, ఆ మాటతో మళ్లీ ధర దగ్గరికే వెళ్లిపోతాం.

కావలసిన గిఫ్టుల లిస్టు సంగతి. ఇప్పుడే ఒకటి రాయించి బీరువాలో పెట్టేయండి. రెండు వారాల తర్వాత అది చూపించకుండా మళ్లీ రాయించండి. రెండింటిలోనూ ఉన్నవే నిజంగా కావలసినవి, మిగతావి ఆ వారం చూసిన వీడియోలు. అప్పుడే లెక్క కూడా చెప్పేయండి, "కొత్త బట్టలు కాక అమ్మానాన్నల నుంచి ఒక్కొక్కరికి ఒకటి" అని. పండగ రోజు పొద్దున చెప్పాపెట్టకుండా తగ్గిస్తే పిల్లలకి కలిగేది దుఃఖం. దానికి కృతఘ్నత అని పేరు పెట్టి తిట్టడం అన్యాయం.

వచ్చినవన్నీ ఒకే పూట విప్పనివ్వొద్దు. 2018లో అమెరికాలోని టొలెడో యూనివర్సిటీ వాళ్లు 36 మంది పసివాళ్ల ముందు ఒకసారి నాలుగు బొమ్మలు, ఇంకోసారి పదహారు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలు, మీవాళ్లు పెద్దవాళ్లు. అయినా రద్దీలో ఏదీ కంటికి ఆనదన్నది ఏ వయసులోనైనా చూస్తాం. ఇరవై అయిదున ఆరాధన అయ్యాక, ఎదురుగా ఉన్నవాళ్లవి మాత్రమే విప్పించండి, ఒక్కోదానికి మధ్య కనీసం పావుగంట. పంపినవాళ్లవి జనవరి ఒకటి దాకా రోజుకొకటి. బాబుదే ముందు, చిన్నవాళ్లకి కాచుకునే ఓపిక తక్కువ.

ప్లేనో_నాన్న

డల్లాస్ పక్కనే ప్లేనోలో ఉండేవాణ్ణి, అక్కడి నుంచి వచ్చే వాళ్ల గురించి ఒక మాట. సూట్‌కేసు హాల్లో అందరి మధ్య తెరవనివ్వకండి. పోలికలు మొదలయ్యేది అక్కడే. బాబాయి గారికి ఇప్పుడే ఫోన్ చేసి, పిల్లలందరికీ కలిపి ఒక బోర్డ్ గేమ్ తెమ్మనండి. నలుగురైదుగురు కలిసి ఆడేది, బ్యాటరీ అక్కర్లేనిది. అడిగి చెప్పించుకుంటే వాళ్లకీ సులువే, ఇక్కడ బయల్దేరే ముందు అందరూ పడే తంటా "ఏం తేవాలి" అన్నదే.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్న వాళ్లకి: క్రైస్తవులు కాని మన ఇళ్లలో కూడా బడి వల్ల శాంటా, చెట్టు, లిస్టు వచ్చేస్తాయి. శాంటా పేరుతో ఇచ్చేది చిన్నదిగా ఉంచి, ఖరీదైనది మీ పేరుతో ఇవ్వండి. ఒకరికి శాంటా ఐప్యాడ్ తెచ్చి, క్లాసులో పక్కవాడికి సాక్సులు తెస్తే, శాంటాకి తనమీద ఇష్టం లేదనుకుంటాడు ఆ రెండోవాడు. పేద పిల్లల కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపే ఏంజెల్ ట్రీ 1979 నుంచి ఉంది. చెట్టుకి కట్టిన చీటీలో ఒక పిల్లవాడి వయసు, బట్టల సైజు, అడిగిన వస్తువు ఉంటాయి. మీ పిల్లల వయసు చీటీయే ఎంచుకుని, రాసినది రాసినట్టే కొనాలి. "దీనికంటే ఇది బాగుంది" అని మనం మార్చకూడదు. పేద పిల్లలకి బొమ్మలు సేకరించడానికి 1947లో అమెరికా సైన్యంలోని మెరైన్ కోర్ రిజర్వ్ మొదలుపెట్టిన టాయ్స్ ఫర్ టాట్స్‌కి ఇచ్చేవి కొత్తవి, కాగితం చుట్టనివి అయి ఉండాలి. రెండింటికీ గడువు పండక్కి చాలా ముందే ముగుస్తుంది, కాబట్టి థాంక్స్‌గివింగ్ వారంలోనే కనుక్కోండి.

ఇంకోటి, ఇండియా నుంచి తాతయ్య వాళ్లు పంపినవి వాళ్లు చూస్తుండగా విప్పించండి. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఏడున్నర. విప్పేశాక మధ్యాహ్నం ఫోన్ చేస్తే వాళ్లు నిద్రలో ఉంటారు.

హోమ్_వాలంటీర్_విజయవాడ

అనాథాశ్రమం గురించి గట్టిగానే చెప్తాను, వద్దు. కనీసం ఇరవై అయిదున వద్దు. డిసెంబర్ చివరి వారంలో ఒకే హోమ్‌కి పూటకో కేకు, పూటకో బృందం వస్తుంది. అక్కడి పిల్లల్ని వరసలో నిలబెట్టి పాట పాడించి, బిస్కెట్ ప్యాకెట్ ఇస్తూ ఫోటో తీస్తారు. మీ పిల్లలకి అందులో తెలిసేది "నాకు ఉంది, వీళ్లకి లేదు" అన్నది ఒక్కటే, అది పోలికే. ఇప్పటిదాకా పై వైపు చూసి పోల్చుకున్నారు, ఇప్పుడు కింది వైపు చూసి పోల్చుకుంటారు. ఇంకొకరి పిల్లల కష్టం మన పిల్లలకి పాఠ్యపుస్తకం కాకూడదు. ఫోటోల విషయంలో చట్టం కూడా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బొమ్మ బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇవ్వాలనుంటే ఇప్పుడే హోమ్ సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి ఏం కావాలి, ఎంతమందికి, ఏ సైజులు అని అడగండి. సాధారణంగా కేకులు, దుప్పట్లు ఎక్కువైపోతాయి. లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, సైజు ప్రకారం చెప్పులు ఎవరికీ గుర్తుండవు. జూన్‌లో బడి తెరిచేటప్పుడు నోటుపుస్తకాలకి కరువే. డిసెంబర్‌లో పిల్లల డబ్బాలో తీసిన డబ్బు జూన్ దాకా ఆగినా నష్టం లేదు.

పాత బొమ్మలిస్తే అవి ముస్తాబు చేసే పని పిల్లలదే. పజిల్ పూర్తిగా పేర్చి చూసి, ఒక్క ముక్క తగ్గినా పక్కన పెట్టేయాలి. బ్యాటరీలు తీసేయాలి, నెలలు పడుంటే కారి లోపల తుప్పు పడుతుంది. మెత్తటి బొమ్మలు ఉతికి రెండు ఎండలు ఆరబెట్టాలి, లేకపోతే లోపలి దూదికి ముక్కిన వాసన వస్తుంది. చక్రం ఊడిన కారు పాత సామాన్లవాడికే పోవాలి. "నువ్వైతే తీసుకుంటావా?" అని ప్రతి వస్తువుకీ అడగండి. ఒకటి రెండు బాగున్నవి కూడా పిల్లలే తీసి పెడతారు. బలవంతంగా ఇష్టమైనది లాగి ఇప్పించకండి. మరుసటి ఏడాది నవంబర్‌లోనే బొమ్మలు దాచేస్తారు.

తెనాలి_అమ్మ

అందరికీ చాలా చాలా వందనాలు. ఆశ్రమం ఆలోచన మానేస్తున్నాం. రెండు మిగిలాయి. పెద్దవాళ్లకి తగ్గించమని ఎలా చెప్పాలి? ఇంకోటి, "నానమ్మకి థాంక్స్ చెప్పు" అంటే నానమ్మే "మనలో మనకి థాంక్సేంటే" అని కొట్టిపారేస్తుంది. అప్పుడేం చేయాలి?

సండేస్కూల్_గుంటూరు

"తగ్గించండి" అనే మాట వాడకండి సిస్టర్, ప్రేమ తగ్గించమన్నట్టు వినపడుతుంది. ఇద్దరు మేనమామల్నీ కలిసి ఒక్కటే కొనమనండి, బాబుకి సైకిల్ లాంటిది. తాతయ్యని వస్తువు బదులు ఒక పూట అడగండి. డిసెంబర్‌లో ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నిండుగా ఉంటాయి, మీకు దగ్గరే. పొద్దున్నే వెళ్లి టిఫిన్ టైముకి వచ్చేయవచ్చు. నానమ్మని పాపకి కుట్టు నేర్పమని అడగండి. అలా అడిగితే ఏ నానమ్మా కాదనదు.

రెండోదాంట్లో నానమ్మగారి మాట నిజమే. మన ఇళ్లలో థాంక్స్ అంటే బయటివాళ్లకి చెప్పే మాటలా ఉంటుంది. ఆ మాట పట్టుబట్టి అనిపించకండి, వాడి చూపించడం నేర్పండి. నానమ్మ కుట్టిన గౌను వేసుకుని ఆరాధన అయ్యాక ముందు ఆమె దగ్గరికే వెళ్లి కూర్చోవాలి. దూరాన ఉన్నవాళ్లకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. అందులో మూడు సంగతులు ఉండాలి: ఏ వస్తువు, దాంతో తను ఏం చేసింది, ఇచ్చినవాళ్లు పడ్డ శ్రమలో తను గమనించింది ఒకటి. "పిన్నీ, నువ్వు పంపిన రంగులతో స్టార్ గీశాను. నీలం సగం అయిపోయింది. పెన్సిళ్లన్నీ నువ్వే చెక్కి పంపావంట, అమ్మ చెప్పింది." ఇది మీరు రాసిచ్చి చదివించకండి. మూడో సంగతి తెలియకపోతే మీరు చెప్పాలి, లేదా పిన్నినే అడగమనాలి.

ఎవరు ఏమిచ్చారో ఒక నోటుపుస్తకంలో పాప చేత విప్పుతుండగానే రాయించండి. ఆ రాత్రి రాయకపోతే మర్నాటికి ఏది ఎవరిదో కలిసిపోతుంది. పదిమందికీ ఒకే రోజు మెసేజ్‌లు పెట్టిస్తే ఆఖరివాళ్లకి అప్పచెప్పినట్టు ఉంటుంది, రోజుకి ఇద్దరు చాలు. సంక్రాంతి సెలవుల్లో అదే పుస్తకం తీసి, ఇంకా వాడుతున్నవి ఏవో చూసి ఆ ఇచ్చినవాళ్లకి రెండోసారి చెప్పించండి. పెద్దవాళ్లకి ఎక్కువ సంతోషం కలిగేది ఆ రెండోసారే. బాబుకి మాటలు కూడబలుక్కోవడం కష్టమైతే, ఆ బొమ్మతో ఆడుకుంటుండగా ఇరవై సెకన్ల వీడియో తీసి పంపండి. వెనక నుంచి "చెప్పు, చెప్పు" అని అందించకుండా.